విడదీసి బండిలో వేసుకెళ్లే క్రాప్స్ బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్యారమ్ బోర్డుకు మడత స్టాండు ఎలా చేసుకోవాలో రాసినప్పటి నుంచి చాలామంది, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్లు, ఒకే సంగతి అడుగుతున్నారు. ఇంట్లోనే క్రాప్స్ బల్ల చేసుకోవచ్చా, చేసుకుంటే దాన్ని ఊడదీసి ఇంకొకరి ఇంటికి తీసుకెళ్లొచ్చా అని. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: క్రాప్స్ అంటే రెండు పాచికలు విసిరి, పడిన మొత్తం మీద పందెం కాసే ఆట. లాస్ వేగాస్‌లో, అట్లాంటిక్ సిటీలో లోతైన తొట్టిలాంటి బల్ల చుట్టూ నిలబడి జనం కేకలు వేస్తుంటారే, అదే. నేను ఇప్పటికి మూడు చేశాను. మొదటిది పాడైంది, రెండోది ఫర్వాలేదు, మూడోది ఇప్పటికీ స్నేహితుల ఇళ్లకు తిరుగుతూనే ఉంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: అన్నగారూ, మేము ఏడెనిమిది కుటుంబాలం, న్యూ ఇయర్ రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. పేకాట, హౌసీ, అంత్యాక్షరి అన్నీ అయిపోయాయి, ఈసారి క్రాప్స్ పెడదామనుకుంటున్నాం. డబ్బులు కాదండీ, ఉత్త చిప్స్‌తోనే (డబ్బుకు బదులు పందెంలో పెట్టే బిళ్లలు). నా దగ్గర డ్రిల్లు, సర్క్యులర్ సా, నాలుగు క్లాంపులు ఉన్నాయి. మాది రెండో అంతస్తు అపార్ట్‌మెంటు, బండి మినీవ్యాన్. నేను ఒక్కడినే మెట్లు దింపగలగాలి. ఎంత సైజు, ఏ చెక్క, ఎలా అతకాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ముందు చెక్క కొనకండి, పందేల గళ్లు అచ్చేసిన గుడ్డ కొనండి, బల్ల మీద పరిచేది అదే. 4 అడుగులకు 8 అడుగుల షీటు కనిపించగానే బల్ల కూడా అంతే అనుకుని కోసేస్తారు చాలామంది, ఆ తర్వాత దానికి సరిపడే గుడ్డ కోసం వెతుకుతారు. ఇళ్లలో ఆడుకోవడానికి అచ్చేసి అమ్మే గుడ్డల్లో మామూలుగా దొరికే సైజు 36 అంగుళాలకు 72. కాసినో బల్లలు 12 అడుగులు, 14 అడుగులు ఉంటాయి. ఆ కొలతల జోలికి వెళ్లారంటే మీ హాల్లో బల్ల పడుతుంది గానీ మనుషులు నిలబడే చోటు మిగలదు.

ఈ ఆటకు అసలు బల్లే అక్కర్లేదు, ఆ సంగతి గుర్తుంటే కట్టేటప్పుడు ఏది ముఖ్యమో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైనికులు బ్యారక్‌ల్లో కంబళి పరిచి దాని మీదే క్రాప్స్ ఆడేవారు. పాచిక దొర్లడానికి చదునైన మెత్తని చోటు, తగిలి వెనక్కి రావడానికి ఒక గోడ, ఆటకు కావాల్సినవి ఆ రెండే. కాబట్టి మీ డబ్బు, శ్రమ ఆ రెండింటి మీదే పెట్టండి. కాళ్లు, పాలిష్, కప్పు పెట్టుకునే గూళ్లు, ఇవన్నీ తర్వాత.

కొలతలు చెబుతాను. గోడ లోపల నాలుగు వైపులా, పాచిక తగిలి తిరిగొచ్చేలా రబ్బరు అంటిస్తాం (ఏ రబ్బరో తర్వాతి జవాబులో చెప్పాను). దాని మందం అంగుళం అనుకుంటే, 36కు అటొకటి ఇటొకటి కలిపి 38, అలాగే 72కు 74. అంటే అడుగు పలక (గుడ్డ పరిచే కింది పలక) 38 అంగుళాలకు 74. దాన్ని సరిగ్గా మధ్యకు కోస్తే 37 అంగుళాలకు 38 చొప్పున రెండు పలకలు వస్తాయి, మినీవ్యాన్‌లో పరిచినట్టు పడతాయి. మీరు కొన్న రబ్బరు మందం వేరేగా ఉంటే ఆ లెక్కనే మార్చుకోండి, అందుకే గుడ్డా రబ్బరూ చేతికి వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దంటున్నాను. చెక్క అరంగుళం ప్లైవుడ్, రెండు షీట్లు చాలు. మొదటి షీటులో అడుగు పలకలు వస్తాయి. రెండో షీటును పొడవునా మూడు పట్టీలుగా కోస్తే గోడలు వస్తాయి. 48ని మూడుతో భాగించి 16 అంగుళాలని గీత గీయకండి, ప్రతి కోతకూ రంపం అంగుళంలో ఎనిమిదో వంతు తినేస్తుంది, మూడో పట్టీ పొట్టిదైపోతుంది. మూడూ 15 7/8 అంగుళాలకు పెట్టుకోండి.

ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే పలక) మాత్రం వద్దు. నా మొదటి బల్ల దానితోనే చేశాను, నున్నగా ఉంది, చవకగా వచ్చింది అని. ముప్పావు అంగుళం ఎమ్‌డీఎఫ్ పూర్తి షీటు ఒక్కటే 90 పౌండ్లు దాటుతుంది. ఇద్దరం కలిసి మెట్లు దింపుతుంటే ఒక మూల గోడకు తగిలి చితికిపోయింది. చితికిన ఎమ్‌డీఎఫ్ మళ్లీ మేకు పట్టదు, అతుకు పట్టదు. అరంగుళం ప్లైవుడ్ అయితే అడుగు పలక ఒక్కో సగం, కింద బద్దలతో కలిపి, 9 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఒక చేత్తో చంకన పెట్టుకుని దిగిపోవచ్చు.

ఇక అతుకు. మోసుకెళ్లే బల్ల విషయంలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క చోటే ఉంది. బల్ల పాడైతే అతుకు దగ్గరే పాడవుతుంది. రెండు సగాల మధ్య అట్టముక్కంత ఎత్తు తేడా ఉన్నా పాచిక అక్కడ ఆగి పక్కకు ఒరుగుతుంది, ఏ ముఖం పైన ఉందో తేలదు, అందరూ వంగి చూస్తూ వాదించుకుంటారు, ఆట చెడిపోతుంది. కాబట్టి ఇలా చేయండి. రెండు పలకలనూ చదునైన నేల మీద బోర్లా పెట్టండి, అంటే గుడ్డ పరిచే వైపు కిందకు ఉండాలి. రెండింటి అంచులూ ఒకదానికొకటి ఆనించి, వన్ బై త్రీ పైన్ బద్దలు (నిజానికి వాటి కొలత ముప్పావు అంగుళానికి రెండున్నర) నిలువుగా పెట్టి, ఒక్కో అంచున ఒక్కటి చొప్పున జిగురుతో, స్క్రూలతో బిగించండి. అప్పుడు మధ్యలో రెండు బద్దలు వీపుకు వీపు ఆని నిలబడతాయి. వాటిని క్లాంపుతో గట్టిగా పట్టి, రెండింటిలోంచీ ఒకేసారి డ్రిల్లు దింపండి, మూడు చోట్ల. విడివిడిగా కొలిచి రంధ్రాలు వేయొద్దు, ఎంత జాగ్రత్తగా కొలిచినా రవ్వంత తేడా వచ్చి తీరుతుంది. ఆ రంధ్రాల్లో బోల్టు, వాషరు, రెక్కల నట్టు. పలకల చుట్టూ మిగతా అంచులకూ, మధ్యలో ఒక అడ్డానికీ అవే బద్దలు వేసేయండి.

గోడల దగ్గర మన ఊళ్లో తాపీ మేస్త్రి చేసే పనే మీరూ చేయాలి. ఇటుకలు పేర్చేటప్పుడు ఆయన అతుకు మీద అతుకు రానివ్వడు కదా, పై వరసలో ఇటుక కింద అతుకు మీద కూర్చోవాలి. అలాగే 74 అంగుళాల పొడుగు గోడను మధ్యలో 37 దగ్గర కోయకండి. 26, 48గా కోయండి. ఇటు పక్క గోడలో 26 ఎడమవైపుంటే అటు పక్క గోడలో 26 కుడివైపు రావాలి. అప్పుడు అడుగు పలక అతుకు మీదుగా రెండు వైపులా పొడుగు ముక్క ఒకటి దాటి వెళ్తుంది, బల్ల మధ్యలో కుంగదు. నా రెండో బల్లలో ఇది చేయలేదు, అన్ని అతుకులూ ఒకే గీతలో పెట్టాను, నలుగురు అంచు మీద మోచేతులు ఆనించేసరికి మధ్యలో నెమ్మదిగా వంగడం మొదలైంది. చివరి గోడలు రెండూ 39 అంగుళాలు, ఎందుకంటే అవి పొడుగు గోడల మందాన్ని కూడా మూయాలి. గోడ అడుగు అంచు, బద్ద అడుగు అంచు సమానంగా పెట్టి, బద్దలోకి టీ నట్లు (చెక్కలోకి కొట్టి దించే పళ్ల నట్లు) కొట్టి, బయట నుంచి పావంగుళం బోల్టులతో బిగించండి. గోడ ముక్కలు కలిసే చోట బయటవైపు ఎనిమిది అంగుళాల వెడల్పు ప్లైవుడ్ పట్టీ వేసి దానికి రెండు ముక్కలనూ బోల్టు చేయండి. బయటి మూలలకు ట్రంకు పెట్టెలకు ఉండే కొక్కేల లాచ్‌లు చాలు, అవి చేత్తోనే బిగుస్తాయి.

ఎత్తు. మామూలు మడత బల్ల 29 అంగుళాలు ఉంటుంది. దాని మీద ఇది పెడితే అంచు 45 అంగుళాలకు పోతుంది, పొట్టివాళ్లకు గడ్డం కింద తగులుతుంది. కాసినోల్లో అంచు 41, 42 దగ్గర ఉంటుంది. సా హార్స్ బ్రాకెట్లు (కర్రలు తొడిగి స్టాండు చేసుకునే బిగింపులు) కొని, టూ బై ఫోర్ కర్రలతో కాళ్లు కోసుకుని, 24 అంగుళాల ఎత్తు స్టాండ్లు రెండు చేయండి. అప్పుడు ఆడే తలం 27 దగ్గర, అంచు పైన ఫోమ్ వేశాక 41 దగ్గర వస్తాయి. స్టాండు ఒక్కోటి చివరి నుంచి అడుగున్నర లోపలికి ఉండాలి. స్టాండు పై కర్ర జారకుండా బల్ల అడుగున రెండు చిన్న చెక్కముక్కలు గాడిలా కొట్టండి. జనం ఆనుకుంటారు, పిల్లలు వేలాడతారు, ఈ పని మర్చిపోవద్దు.

అంచు మీద మోచేతులకు, పైపులకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం చీల్చి తొడిగి పైన రెక్సిన్ లాగి కొట్టండి. చిప్స్ పెట్టుకునే గాడి కావాలంటే ఒకటిన్నర అంగుళాల షెడ్యూల్ 40 పీవీసీ పైపు సగానికి చీల్చి వాడొచ్చు. కాసినో చిప్పు అడ్డకొలత 39 మిల్లీమీటర్లు, ఆ పైపు లోపలి కొలత 41కి దగ్గర, అచ్చుపోసినట్టు సరిపోతుంది. కానీ పైపును పొడవునా కోసేటప్పుడు అది దొర్లుతుంది, చేతులు పోతాయి. ముందు ఒక చెక్కకు స్క్రూలతో బిగించి అప్పుడు కోయండి, లేదా ఆ పని వదిలేసి చిప్స్ చిన్న గిన్నెల్లో పెట్టుకోండి, ఆటకేం లోటు రాదు.

డబ్బులు పెట్టకపోవడం మంచి పని. ప్రైవేటు చోట ఆడుతూ, ఎవరూ కోత తీసుకోకుండా, గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉంటేనే టెక్సస్ చట్టం ఇంట్లో ఆటకు రక్షణ ఇస్తుంది. క్రాప్స్‌లో బ్యాంకు నడిపేవాడి, అంటే అందరి పందేలకూ చెల్లించేవాడి వైపు లెక్క ఎప్పుడూ కాస్త మొగ్గే ఉంటుంది, కాబట్టి ఆ మూడో షరతు దగ్గరే చిక్కు వస్తుంది. చిప్స్‌తోనే ఆడండి, రాత్రి చివర ఎక్కువ చిప్స్ ఉన్నవాళ్లకు ఒక డబ్బా పూతరేకులు ఇవ్వండి.

ప్రశ్న: బల్ల చేశానండీ, బాగానే వచ్చింది. కానీ పాచికలు పడిన చోటే చచ్చిపోయినట్టు ఆగిపోతున్నాయి. గోడకు గుడ్లట్టలా ఉండే ఫోమ్ అంటించాను, దానికి తగిలితే తిరిగి రావడం లేదు, మూలల్లో ఇరుక్కుంటున్నాయి. ఇంకోవైపు కొందరు విసిరితే బయటకు ఎగిరి సోఫా కిందకు పోతున్నాయి. ఏం చేయాలి? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు. గుడ్లట్ట ఫోమ్ పాచికను మింగేస్తుంది, అది శబ్దం ఆపడానికి చేసిన వస్తువు, దెబ్బను మెత్తగా తీసుకోవడమే దాని పని. మీకు కావాల్సింది పిరమిడ్ రబ్బరు. చిన్న చిన్న గోపురాలు వరసగా ఉండే గట్టి రబ్బరు పట్టీ, అడుగుల లెక్కన అమ్ముతారు. పాచిక దాని మీద ఏ కోణంలో తగులుతుందో, ఎటు తిరిగి వస్తుందో ఎవరూ ఊహించలేరు, కాసినోలు దాన్ని పెట్టేదే అందుకు. ఖర్చు ఎక్కువనిపిస్తే రెండు చివరి గోడలకు మాత్రమే రబ్బరు వేసి, పొడుగు గోడలకు అదే మందం చెక్కపట్టీ మీద గుడ్డ చుట్టి పెట్టండి. ఎందుకంటే పాచికలు ప్రధానంగా తగిలేది చివరి గోడలకే.

మూలల సంగతి. రబ్బరును మూలలోకి తోసి లంబకోణంలో మడవకండి. మూల నుంచి నాలుగైదు అంగుళాల ముందే వంపు తిప్పి అవతలి గోడకు తీసుకెళ్లండి, వెనక ఖాళీలో పిల్లలు ఈతకు వాడే ఫోమ్ నూడుల్ ముక్క నిలబెట్టండి. కాసినో బల్లలకు మూలలు గుండ్రంగా ఉంటాయి కదా, మన చేత ఆ పని రబ్బరే చేసిపెడుతుంది. విడదీసేటప్పుడు ఆ ముక్క ఊడి వస్తుంది, ఇంకా మంచిది.

పాచిక ఆగిపోవడం, ఎగిరిపోవడం రెండూ గుడ్డ కింద వేసిన దాన్ని బట్టి ఉంటాయి. చెక్క మీద నేరుగా గుడ్డ పరిస్తే టకటకమని ఎగురుతాయి, యోగా మ్యాటంత మందం వేస్తే కూరుకుపోతాయి. 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ (మెత్తటి రబ్బరులాంటిది) షీటు నాకు సరిపోయింది, మధ్య అతుకును కూడా అదే దాచేస్తుంది. దాన్ని అడుగు పలకకు అంటించేయకండి, రెండు సగాల మీదా ఒకే ముక్కగా పరవండి, దాని మీద గుడ్డ. కాసేపు ఆడి చూసి, ఇంకా ఎగిరితే ఇంకో పొర వేసుకోవచ్చు. అంటిస్తే ఆ అవకాశం పోతుంది.

పాచికలు ఏవి వాడుతున్నారో మీరు రాయలేదు. వైకుంఠపాళి పెట్టెలో వచ్చే గుండ్రటి మూలల చిన్న పాచికలైతే వాటితో ఇంతే. కాసినో పాచిక భుజం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు, మూలలు పదునుగా ఉంటాయి, చుక్కలు కూడా గుంటలుగా వదలకుండా అదే బరువున్న పదార్థంతో నింపి సమం చేస్తారు. కాసినోలు వాడి తీసేసిన పాచికల మీద గుర్తు గీసి లేదా రంధ్రం వేసి అమ్ముతాయి, గీత మాత్రమే గీసినవి చూసి కొనుక్కోండి, ఇంటి ఆటకు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ప్రశ్న: నమస్తే అండీ. మావారు గ్యారేజీలో ఈ బల్ల చేస్తున్నారు. సంక్రాంతికి మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇక్కడే ఉంటారు. గుడ్డ మీద అచ్చేసిన గళ్లు చూస్తే నాకే తల తిరుగుతోంది, వాళ్లకు ఎలా చెప్పను? (షార్లెట్, నార్త్ కరోలినా)

జవాబు: గుడ్డ మీద ఉన్నవాటిలో ముప్పాతిక భాగాన్ని చూడనట్టే వదిలేయండి అమ్మా. పాస్ లైన్ అని అంచు వెంబడి ఒక పొడుగు పట్టీ ఉంటుంది, మొదటి రోజు అదొక్కటే ఆడండి. పాస్ లైన్ మీద చిప్పు పెట్టి పాచికలు విసరాలి. మొదటి విసురులో 7 గానీ 11 గానీ పడితే గెలుపు. 2, 3, 12 పడితే ఓటమి. మిగతావి, అంటే 4, 5, 6, 8, 9, 10లో ఏది పడినా అది పాయింట్ అవుతుంది. ఆ అంకె మీద తెల్లటి బిళ్ల పెట్టి, మళ్లీ అదే అంకె పడేదాకా విసురుతూనే ఉండాలి. అది ముందు పడితే గెలుపు, 7 ముందు పడితే ఓటమి, పాచికలు పక్కవాళ్లకు వెళ్తాయి. ఇంతే ఆట.

మీ అత్తయ్యగారు అష్టాచెమ్మా ఆడి పెరిగినవారైతే అయిదు నిమిషాల్లో పట్టేస్తారు, గవ్వలు విసిరి పందెం లెక్కపెట్టిన చేతులకు ఇది కొత్త కాదు. 7 ఎందుకంత ముఖ్యమో మాత్రం చెప్పండి. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు, అందులో 7 వచ్చేవి ఆరు, ఇంకే మొత్తమూ అన్ని రకాలుగా రాదు. 6కు, 8కి అయిదేసి, 5కు, 9కి నాలుగేసి, 4కు, 10కి మూడేసి. అందుకే పాయింట్ 6 పడితే అందరూ సంతోషిస్తారు, 4 పడితే నిట్టూరుస్తారు. పిల్లలకు గుణింతాలకంటే ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, వాళ్లే మీకు మిగతా గళ్లన్నీ చెబుతారు.

ఒక సంగతి వాళ్లు తప్పకుండా అడుగుతారు, ఈ ఆట ఎక్కడిదని. హజార్డ్ అనే పాత యూరప్ పాచికలాట నుంచి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో బెర్నార్ ద మారినీ అనే జమీందారు దాన్ని ప్రచారం చేశాడు, తన తోటల భూమిని వీధులుగా అమ్మినప్పుడు ఒక వీధికి క్రాప్స్ వీధి అనే పేరు పెట్టాడు. ఆస్తి చాలావరకు పోగొట్టుకునే చనిపోయాడు. ద్యూతంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు కథ చెప్పుకునే మామయ్యగారికి ఈయన కథ కొత్తగా అనిపించదు.

ప్రశ్న: సార్, నేను నెలకోసారి కాసినోకు వెళ్తాను. పాచికలు ఒకే తీరుగా పట్టుకుని, ఒకే తీరుగా విసిరితే 7 పడకుండా ఆపొచ్చని కొందరు నేర్పిస్తున్నారు, ఇంట్లో బల్ల పెట్టుకుని రోజూ సాధన చేయమంటున్నారు. అసలైన బల్లలాగే స్పందించేలా సొంత బల్ల చేసుకోవాలి. కొలతలు చెప్పండి. (హెండర్సన్, నెవాడా)

జవాబు: కొలతలు పైన ఇచ్చినవే, పొడవు మాత్రం మీకు చాలదు. కానీ ఆ ఉద్దేశంతో అయితే చేయకండి తమ్ముడూ, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. విసిరిన పాచికలు రెండూ అవతలి గోడకు తగలాలని కాసినోలు పట్టుబడతాయి, ఆ గోడకు పిరమిడ్ రబ్బరు ఉంటుంది. మీరు చేతిలో ఎంత నేర్పుగా పేర్చుకున్నా ఆ గోపురాల మీద తగలగానే ఆ నేర్పంతా చెదిరిపోతుంది. ఇంట్లో మీ బల్ల మీద మెత్తని ఫోమ్ ఉంటే సాధన ఫలిస్తున్నట్టే కనిపిస్తుంది. అదే ప్రమాదం, ఆ నమ్మకంతో ఎక్కువ డబ్బు పట్టుకుని వెళ్తారు.

2009 మేలో అట్లాంటిక్ సిటీలోని బోర్గాటా కాసినోలో ఒక మహిళ 7తో ఓడిపోకుండా వరసగా 154 సార్లు విసిరింది, 4 గంటల 18 నిమిషాలు. అది రికార్డు. ఆమె క్రాప్స్ ఆడటం అప్పటికి రెండోసారి మాత్రమే, అంటే అది సాధన కాదు, అదృష్టం. మామూలుగా ఒక మనిషి చేతిలో పాచికలు సగటున ఎనిమిదిన్నర విసుర్లు ఉంటాయి.

లెక్కలే చూడండి. పాస్ లైన్ మీద కాసినో వాటా, అంటే పెట్టిన పందెంలో సగటున దానికి మిగిలేది, 1.41 శాతం, దానికి వ్యతిరేకంగా ఆడే డోంట్ పాస్ మీద 1.36. పాయింట్ పడ్డాక వెనక పెట్టే ఆడ్స్ పందెం మీద వాటా సున్నా, అన్ని పందేల్లో అదొక్కటే సరిసమానం. ఇక బల్ల మధ్యలో ఆశ పెట్టే గళ్లున్నాయి. తర్వాతి విసురులోనే 7 అనే పందెం మీద వాటా 16.67 శాతం. అంటే ఒకే బల్ల మీద, ఒకే పాచికలతో, చిప్పు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి పది రెట్లకు పైగా తేడా. మీరు ఆడటం మానరనే అనుకుంటే ఈ తేడా మీద దృష్టి పెట్టండి, చేతి సాధన మీద కాదు. నెలకోసారి అని రాశారు, అది రెండు నెలలకోసారి అయితే నేను ఇంకా సంతోషిస్తాను. నష్టాన్ని పూడ్చుకోవడానికి మళ్లీ వెళ్లాలనిపిస్తున్న రోజులుంటే ఇంట్లో ఒకరికి ఆ మాట చెప్పండి, దాచొద్దు. అమెరికాలో జూదం అలవాటుకు 1-800-522-4700 అనే సహాయ నంబరు చాలా ఏళ్లుగా ఉంది, ఫోన్ చేస్తే మాట్లాడతారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇది చేయించుకోవచ్చా? ఇక్కడ సామాను దొరుకుతుందా, ఇంట్లో పెట్టుకుంటే ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: చెక్క వరకు అమెరికా కంటే మీకే తేలిక. 8 బై 4 షీటు, 12 ఎమ్ఎమ్ ప్లై, ఏ ప్లైవుడ్ దుకాణంలోనైనా ఉంటుంది, కోసి ఇమ్మంటే కోసి ఇస్తారు. పైన చెప్పిన అతుకు పద్ధతి మీ కార్పెంటర్‌కు కాగితం మీద గీసి చూపించండి, రెండు బద్దల్లోంచీ ఒకేసారి డ్రిల్లు వేయమని దగ్గరుండి చెప్పండి, అదొక్కటీ ఆయనకు వదిలేయొద్దు. అచ్చు గుడ్డ కోసం ఫ్లెక్స్ కొట్టించవద్దు, దాని మీద పాచిక జారుతుంది. పాలిస్టర్ గుడ్డ మీద డిజిటల్ ప్రింటు వేసేవాళ్లతో చేయించండి. పిరమిడ్ రబ్బరు దొరక్కపోతే బుడిపెలున్న గట్టి రబ్బరు డోర్‌మ్యాట్ పట్టీలుగా కోసి అంటించినా చాలావరకు పని జరుగుతుంది.

ఇబ్బంది మాత్రం డబ్బుతోనే. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 1974 నాటి గేమింగ్ చట్టాలు అమల్లో ఉన్నాయి, తెలంగాణ 2017లో దాన్ని ఇంకా బిగించింది. పాచికలు పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట, పందెం పెట్టి ఆడే చోటుగా ఇంటిని వాడితే నేరమే. ఎంట్రీ ఫీజు, రౌండుకు ఇంత అని వసూలు, ఇవేవీ వద్దు. చిప్స్ కూడా కొనక్కర్లేదు, చింతగింజలు ఒక రంగు, గవ్వలు ఇంకో రంగు లెక్కన పంచుకుని ఆడండి. ఒక గవ్వకు పది గింజలు.

ప్రశ్న: ఆడేశాక ఎక్కడ, ఎలా దాచాలి? (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: గుడ్డను ఎప్పుడూ మడవకండి, మడత గీత పడితే ఇస్త్రీకి కూడా లొంగదు, పాచిక ఆ గీత మీదే ఒరుగుతుంది. మూడంగుళాల పీవీసీ పైపు 40 అంగుళాలకు కోసి, అచ్చు బయటివైపు ఉండేలా దానికి చుట్టండి. కింద వేసే నియోప్రీన్ షీటును కూడా దాని పైనే చుట్టేయొచ్చు. పలకలు, గోడలు పడుకోబెట్టకుండా గోడకు నిలబెట్టండి, గ్యారేజీ నేల తడిగా ఉంటుంది కాబట్టి కింద రెండు చెక్కముక్కలు వేయండి. రబ్బరు పట్టీలకు ఎండ తగిలితే పగుళ్లు వస్తాయి.

అన్నిటికంటే ముందు, మొదటిసారి విడదీసేటప్పుడే, ప్రతి అతుకుకూ రెండు వైపులా ఒకే అంకె మార్కర్‌తో రాసుకోండి, లోపలివైపు కనిపించని చోట. రెండూ రెండూ కలవాలి, మూడూ మూడూ కలవాలి. బోల్టులూ నట్లూ ఒక మూత డబ్బాలో వేసి, ఆ డబ్బాను పలక అడుగున బద్దల మధ్య పట్టీతో కట్టేయండి. వాటితో పాటు రెండు బోల్టులు, నాలుగు రెక్కల నట్లు అదనంగా వేయండి, ఎందుకంటే అవి ఎప్పుడూ అవతలివాళ్ల కార్పెట్‌లోనే పోతాయి, ఆ రాత్రి తొమ్మిదింటికి ఏ హార్డ్‌వేర్ షాపూ తెరిచి ఉండదు.